రెండు గేట్ల మధ్య 600 మిల్లీమీటర్లు: 12 బోరు తూటా వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ డైరీ, తిరుపతి

మొదటి వారం: ఏం కొలవాలి

12 బోరు షాట్‌గన్ తూటాల డబ్బా మీద 400 మీ/సె అని అచ్చు వేసి ఉంటుంది. గొట్టం మూతికి ఎంత దూరంలో 400 అన్నది చాలా డబ్బాల మీద ఉండదు. ఐరోపాలో నడిచే సీఐపీ అనే తూటా ప్రమాణాల సంస్థ పద్ధతిలో మూతి నుంచి 2.5 మీటర్ల దగ్గర కొలుస్తారు. అమెరికాలో అలాంటిదే అయిన సామీ పద్ధతిలో 3 అడుగుల దగ్గరే కొలిచేస్తారు. తూటాలో ఉండేది ఒక్క బుల్లెట్ కాదు, చిన్న సీసపు గుండ్ల గుంపు. 2.4 మి.మీ. గుండు ఒకటి ఒంటరిగా పోతోందనుకుని లెక్క కడితే, 400 మీ/సె దగ్గర అది మీటరుకు 10 మీ/సె పైనే పోగొట్టుకుంటుంది. గుంపుగా ఉన్నంతసేపు ముందువి గాలిని చీలుస్తాయి, వెనకవి ఆ నీడలో పోతాయి కాబట్టి నష్టం అంత ఉండదు. ఎలా చూసినా ఒకే తూటాకు ఈ రెండు పద్ధతుల్లో రెండు అంకెలు రావడం తప్పేమీ కాదు.

ఇంకో చిక్కు ఉంది. 24 గ్రాముల టార్గెట్ తూటాలో 2.4 మి.మీ. గుండ్లు సుమారు 300 ఉంటాయి. వేగం అంటే వీటిలో దేని వేగం? వెలుతురు మీద పనిచేసే క్రోనోగ్రాఫ్ మొదట వచ్చిన గుండు నీడకే లేస్తుంది, అంటే అది చెప్పేది గుంపు ముందు అంచు వేగం. గొట్టం దాటాక తీగ చుట్టల మధ్య నుంచి గుంపును పోనిచ్చి కొలిచే ప్రయోగశాల పద్ధతి మొత్తం సీసం ముద్దను చూస్తుంది. అందుకే వెలుతురు పద్ధతి అంకె కాస్త పైన ఉంటుంది. డాప్లర్ రాడార్ అయితే ఒక్కోసారి గుండ్లను వదిలి, తూటాలో వాటిని మోసుకొచ్చే ప్లాస్టిక్ గిన్నెను, అంటే వాడ్‌ను, పట్టుకుంటుంది. ఏ పరికరమూ అబద్ధం చెప్పదు, ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబిస్తుంది, అంతే.

కాబట్టి నిర్ణయం ఇది: సొంత వెలుతురు ఉన్న రెండు గేట్లు, మధ్య 600 మి.మీ. గుండు నీడ పడగానే గేటు లేస్తుంది, అంటే పల్సు ఇస్తుంది. రెండు పల్సుల మధ్య కాలంతో ఎడాన్ని భాగిస్తే వేగం. మొదటిది మూతికి 2.2 మీటర్ల దగ్గర, రెండోది 2.8 దగ్గర. మధ్యబిందువు సరిగ్గా 2.5 దగ్గర పడుతుంది, సీఐపీ అంకెతో పక్కన పెట్టి చూసుకోవచ్చు.

600 ఎందుకు? 300 మి.మీ. ఎడంలో 1 మి.మీ. తప్పు జరిగితే 400 మీ/సె దగ్గర 1.3 మీ/సె తేడా వస్తుంది, 600 అయితే అందులో సగం. మీటరు ఎడం ఇంకా మంచిదే. కానీ ఆ ఫ్రేము స్కూటీ మీద పట్టదు.

ఫ్రేము

25 మి.మీ. అల్యూమినియం చదరపు పైపు, 750 మి.మీ. ముక్కలు రెండు. అడ్డంగా ప్లైవుడ్ గేట్లు రెండు, లోపలి కిటికీ 160 మి.మీ. వెడల్పు, 250 ఎత్తు. కింద సెన్సార్ల ముందు నల్ల అక్రిలిక్‌లో 2 మి.మీ. చీలిక. ఎడం కొలవాల్సింది చీలిక అంచు నుంచి అంచుకు, రెండూ ఒకే వైపు అంచులు అయి ఉండాలి. టేపుతో కొలిస్తే దాని కొక్కెం కొద్దిగా కదులుతుంది. అది తప్పు కాదు, లోపల, బయట కొలతలు రెండూ సరిపోవడానికి అలా చేస్తారు, కానీ ఇక్కడ మనకు పనికిరాదు. మీటరు స్టీలు స్కేలు పెట్టి, 100 గీత దగ్గర మొదలుపెట్టి 700 దగ్గర చూడాలి.

ఎండకు అల్యూమినియం సాగుతుందని భయం అక్కర్లేదు. 15 డిగ్రీలు పెరిగితే 600 మి.మీ. మీద 0.2 మి.మీ. మాత్రమే.

రెండో, మూడో వారం: వెలుతురు, సర్క్యూట్

ఆకాశం వెలుతురుతో పనిచేసే రెడీమేడ్ పరికరాలు మబ్బు రోజున బాగుంటాయి. తిరుపతిలో అలాంటి వెలుతురు నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాలప్పుడు దొరుకుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం సెన్సార్ మీద నేరుగా ఎండ పడితే అది నిండిపోయి, నీడ వచ్చినా కదలదు. హాల్లోకి తెస్తే ట్యూబ్‌లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, ఆ మినుకే గుండులా కనబడుతుంది. అందుకని పైన ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు, కింద ఫోటోడయోడ్లు, మధ్యలో గుండు.

గేటుకు 940 నానోమీటర్ల ఎల్‌ఈడీలు 24. మొదట 8 చొప్పున వరసగా కలిపి 47 ఓమ్స్ పెట్టాం, 12 వోల్టుల యూపీఎస్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 47 మిల్లీఆంపులు. బ్యాటరీ 11.8కి దిగేసరికి 30కి పడిపోయింది. వెలుతురు మూడో వంతు పోతే, గేటు ఎంత నీడకు లేవాలన్న గీత కూడా జరుగుతుంది. వరసకు 6 చేసి 100 ఓమ్స్ పెడితే అదే దింపులో 48 నుంచి 40కి మాత్రమే తగ్గుతుంది. రెసిస్టర్ అర వాట్‌ది వాడాలి, పావు వాట్‌ది దాదాపు హద్దు దగ్గర కాలుతూ ఉంటుంది. మొబైల్ చార్జర్‌తో నడపాలన్న ఆశ వదులుకోండి, దాని అలజడికి గేట్లు వాటంతటవే లేస్తాయి. ఎల్‌ఈడీల మీద పాల రంగు అక్రిలిక్ 3 మి.మీ. షీటు వేశాం. గ్లో సైన్ బోర్డులు చేసే చోట కోతలో మిగిలిన ముక్కలు చాలు.

కింద గేటుకు బీపీడబ్ల్యూ 34 ఫోటోడయోడ్లు 8, 20 మి.మీ. ఎడంలో. గాంధీరోడ్డు దుకాణాల్లో రెసిస్టర్లు, కనెక్టర్లు దొరికినా ఇలాంటి భాగాలకు సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోవడమే మేలు, లేదంటే ఆన్‌లైన్.

అసలు తప్పు జరిగేది ఫోటోడయోడ్ కింద పెట్టే రెసిస్టర్ దగ్గర. సిగ్నల్ పెద్దగా రావాలని 100 కిలోఓమ్స్ పెట్టడం సహజం. కానీ 8 డయోడ్లు పక్కపక్కన కలిస్తే కెపాసిటెన్స్ 200 పికోఫారడ్ల దగ్గరికి చేరుతుంది. 100 కిలోఓమ్స్‌తో కాలస్థిరాంకం, అంటే సర్క్యూట్ స్పందించడానికి పట్టే సమయం, 20 మైక్రోసెకన్లు. 2.4 మి.మీ. గుండు 400 మీ/సెతో 2 మి.మీ. చీలిక దాటడానికి పట్టేది 11 మైక్రోసెకన్లు. అంటే నీడ పడి, పోయి, సర్క్యూట్ తల తిప్పేలోపు గుండు వెళ్లిపోతుంది. పైగా అంత రెసిస్టర్‌కు మామూలు వెలుతురుకే వోల్టేజి పైకి తన్నేసి ఉంటుంది. 4.7 కిలోఓమ్స్ పెట్టాం, కాలస్థిరాంకం 1 మైక్రోసెకను, నిలకడ వోల్టేజి 2 దగ్గర.

ఒక్క గుండు నీడ ఆ 2 వోల్టుల్లో అర శాతం, అంటే 10 మిల్లీవోల్టులు. దీన్ని 100 రెట్లు పెంచాలి. ఆంప్లిఫయర్ చిప్‌గా ఎల్ఎం 358 వేయకండి, దానికి అంత వేగం లేదు. టీఎల్ 072 బాగుంటుంది. అయితే ఒకే అంచెలో 100 రెట్లు అడిగితే దాని పట్టు 30 కిలోహెర్ట్జ్‌కు కుంచించుకుపోతుంది, నీడ మళ్లీ అలుక్కుపోతుంది. 10 రెట్ల అంచెలు రెండు పెడితే ఒక్కోటి 300 కిలోహెర్ట్జ్ ఇస్తుంది. ఒక చిప్‌లో రెండు ఆంప్లిఫయర్లు ఉన్నాయి కాబట్టి అదనపు ఖర్చేం లేదు. ఇది 5 వోల్టుల మీద సరిగా నడవదు, 12 మీద నడిపి మధ్యలో 6 వోల్టుల గీత చేసుకోవాలి. ఆ తర్వాత ఎల్ఎం 311 కంపారేటర్, సిగ్నల్ మనం పెట్టిన గీత దాటగానే పల్సు ఇచ్చే చిప్. దాని బయటి కాలు 5 వోల్టులకు లాగితే, కాలం లెక్కపెట్టే ఆర్డుయినో బోర్డుకు సరిపోతుంది.

నాలుగో వారం: గడియారం

ఆర్డుయినో ఊనోలో టైమర్ 1ను 16 మెగాహెర్ట్జ్ మీద పరిగెత్తించాలి, ఒక టిక్కు 62.5 నానోసెకన్లు. పల్సు 8వ పిన్నుకు. మామూలు ఇంటరప్ట్‌లో మైక్రోసెకన్లు చదివే పద్ధతిలో 4 మైక్రోసెకన్ల మెట్లు వస్తాయి. మన 1500 మైక్రోసెకన్ల ప్రయాణంలో అదే 1 మీ/సె. ఇన్‌పుట్ క్యాప్చర్ వాడితే అంచు వచ్చిన క్షణాన్ని హార్డ్‌వేరే రాసుకుంటుంది.

ఈ టైమర్ 16 బిట్‌లది. 65,536 టిక్కులకు, అంటే 4.096 మిల్లీసెకన్లకు మళ్లీ సున్నా అవుతుంది. 600 మి.మీ. ఎడంలో 146 మీ/సె కంటే నిదానంగా వచ్చేదేదైనా ఈ గుంటలో పడుతుంది. 120 మీ/సె పెల్లెట్‌కు 5 మిల్లీసెకన్లు పడుతుంది, టైమర్ అందులోంచి ఒక చుట్టు మింగేసి 0.904 చూపిస్తుంది, తెర మీద 664 మీ/సె. ఎయిర్ పిస్టల్ 664 చూపిస్తే సంబరపడాల్సిన పని లేదు, ఓవర్‌ఫ్లో లెక్కపెట్టే రెండు వరసల కోడ్ మరిచిపోయారని అర్థం.

ఊనో బోర్డులో ప్రధాన చిప్‌కు ఉండేది క్వార్ట్జ్ కాదు, సిరామిక్ రెజొనేటర్. అర శాతం వరకూ అటూఇటూ ఉండొచ్చు, వేడికి జరుగుతుంది కూడా. మేడ మీద నియో 6ఎం జీపీఎస్ మాడ్యూల్ పెట్టి, అది సెకనుకు ఒకసారి ఇచ్చే పల్సుల మధ్య టిక్కులు లెక్కపెట్టాం. 1,60,00,000 రావాలి, 1,59,52,000 దగ్గర వచ్చాయి. గడియారం 0.3 శాతం నిదానం, కాబట్టి వేగం 0.3 శాతం ఎక్కువగా కనబడుతుంది, 400 దగ్గర 1.2 మీ/సె. అసలు టిక్కుల సంఖ్యనే కోడ్‌లో పెట్టేశాం. కొలిచే రోజు ఉదయం మళ్లీ చూసుకోవాలి.

ఐదో వారం: బేరింగ్ బాల్, ఆవాలు

ఫ్రేమును నిలువుగా గోడకు బిగించి సైకిల్ షాపు బేరింగ్ బాల్ వదిలాం. మొదటి చీలికకు 300 మి.మీ. పైనుంచి బాల్ అడుగు అంచు బయల్దేరితే, 600 మి.మీ. దాటడానికి 181.3 మిల్లీసెకన్లు పట్టాలి. మన ప్రాంతంలో గురుత్వ త్వరణం 9.78. వదిలే ఎత్తులో 1 మి.మీ. తప్పు జరిగినా ఫలితంలో 0.1 శాతమే తేడా, కాబట్టి ఎడం కొలత, గడియారం రెండింటినీ ఒకేసారి నిలదీసే చవకైన పరీక్ష ఇది. ఒక జాగ్రత్త: ఇంత నిదానమైన నీడకు ఆంప్లిఫయర్ ముందున్న 10 నానోఫారడ్ కెపాసిటర్ చాలదు, సిగ్నల్ మధ్యలోనే వాలిపోతుంది. పరీక్షకు 100 పెట్టి, తర్వాత మళ్లీ 10కి మార్చాలి.

తర్వాత బాల్‌కు బదులు గుప్పెడు ఆవాలు. షాట్ గుంపుకు వంటింట్లో దొరికే నకలు ఇదే. ఆవగింజ 2 మి.మీ. దగ్గర ఉంటుంది. రాగులు చిన్నవి, కొన్నిటిని గేటు చూడనే లేదు.

ఇక్కడే మొదటి డిజైన్ కూలింది. రెండు కంపారేటర్ల బయటి కాళ్లను కలిపి ఒకే పిన్నుకు ఇచ్చాం. బాల్‌తో లక్షణంగా పనిచేసింది. ఆవాలు పోయగానే మొదటి గేటును దాటిన రెండో గింజే ఆపే పల్సు అయి కూర్చుంది, వేగాలు చుక్కలనంటాయి. షాట్ గుంపుతో జరగబోయేదీ అదే. విరుగుడు: 74హెచ్‌సీ 74 ఫ్లిప్‌ఫ్లాప్, ఒకే చిప్‌లో ఒకే రకం సగాలు రెండు. మొదటి గేటు మొదటి సగాన్ని, రెండో గేటు రెండో సగాన్ని ఎత్తుతాయి. ఒకసారి లేచాక రీసెట్ చేసేదాకా ఎన్ని గుండ్లు వచ్చినా పట్టించుకోదు. రెండో సగం డి కాలును (లోపలికి) మొదటి సగం క్యూ కాలుకు (బయటికి) కలిపితే మొదటి గేటు లేవకుండా రెండోది లేవదు. రెండు క్యూలనూ, రెండింటిలో ఒక్కటే లేచి ఉన్నంతసేపు పలికే 74హెచ్‌సీ 86 చిప్‌కు ఇస్తే ఒకే పల్సు వస్తుంది, దాని పొడవే ప్రయాణ కాలం. కోడ్‌లో మొదటి అంచు పట్టాక ఎదురుచూసే అంచు దిశ మార్చాలి, మార్చాక క్యాప్చర్ ఫ్లాగును తప్పకుండా తుడవాలి. తుడవకపోతే కాలం దాదాపు సున్నా వస్తుంది. ఒక సాయంత్రమంతా దీనికే పోయింది.

ఆరో వారం: ఎయిర్ రైఫిల్

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ హాల్లో .177 పెల్లెట్లు, 0.53 గ్రాములవి. 170 మీ/సె దగ్గర 3.5 మిల్లీసెకన్లు, శక్తి 7.7 జౌళ్లు. పెల్లెట్ సెన్సార్లకు 100 నుంచి 150 మి.మీ. ఎత్తులో పోవాలి. మరీ కిందికి పోతే రెండు డయోడ్ల మధ్య సందులోంచి జారిపోతుంది, మరీ పైకి పోతే నీడ పలచబడుతుంది.

5 షాట్లు కొట్టి, ముందు సెన్సార్ బోర్డును వెనక్కి, వెనకదాన్ని ముందుకు మార్చి మళ్లీ 5. రెండు సగటుల మధ్య తేడాలో సగం, గేట్లు వేర్వేరు లోతుల్లో లేవడం వల్ల వచ్చే తప్పు. కంపారేటర్ గీతలు సరిదిద్ది ఆ తేడా 0.1 శాతం లోపలికి వచ్చేదాకా తిప్పాం. ఈ పని చేయకుండా షాట్‌గన్ దాకా పోతే, తర్వాత ఏ తప్పు ఎక్కడిదో తేల్చడం బ్రహ్మతరం కూడా కాదు.

రేంజికి ముందు

తూటా పేల్చేది లైసెన్సుదారు మాత్రమే, అనుమతి ఉన్న షాట్‌గన్ రేంజిలో మాత్రమే. తూటాలు ఆయన దగ్గరే ఉంటాయి. తూటా విప్పి మందు తూచడం, మళ్లీ నింపడం ఈ ప్రాజెక్టులో లేవు. ఊరి చివర మామిడి తోటలో ఓసారి చూసేద్దామన్న సలహా ఎవరో ఒకరు ఇస్తారు. శేషాచలం అంచున అయితే ఆ మాటే వద్దు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగు పెట్టడమే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఎర్రచందనం తనిఖీల దారిలో తుపాకి పెట్టె, ట్రైపాడ్, తీగల డబ్బాతో వెళ్లి వివరణ ఇచ్చుకునే ముచ్చట ఎవరికీ అక్కర్లేదు.

ఫ్రేముకు ముందు రక్షణగా ఇనుప రేకు పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. 2 మీటర్ల దూరంలో సీసపు గుండ్లు ఇనుము మీద పడితే చిమ్మేది వెనక్కే. 18 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు చాలు, గుండ్లు అందులో దిగబడతాయి. సర్క్యూట్ డబ్బా 3 మీటర్ల కవచపు తీగతో పక్కకు. కళ్లకు అద్దాలు, చెవులకు రక్షణ అందరికీ.

మూతికి 1 మీటరు దగ్గర విడిగా ఇంకో ప్లైవుడ్ పలక, మధ్యలో 200 మి.మీ. రంధ్రం. మూతి నుంచి తన్నుకొచ్చే గాలిదెబ్బనూ, కాలని మందు రేణువులనూ ఇది చాలావరకు ఆపుతుంది. పలక స్టాండు క్రోనోగ్రాఫ్ స్టాండును తాకకూడదు.

వరస సరిచూసుకోవడానికి బ్రేక్ యాక్షన్ తుపాకి, అంటే మధ్యలో మడతపెట్టి తెరిచేది, సుఖం. ఖాళీ తుపాకిని విరిచి, రెస్టు మీద పెట్టి, వెనకనుంచి గొట్టంలోంచి చూస్తే పలక రంధ్రం, రెండు కిటికీలు ఒకదాని వెనక ఒకటి కనబడాలి. బిగుతు చోక్ ఉన్న గొట్టం, అంటే మూతి దగ్గర సన్నబడేది, వాడితే గుంపు ఇంకా చిన్నగా ఉంటుంది. వాడ్ కూడా ఈ దారినే వస్తుంది. రేకలు విప్పుకుని పక్కకు ఒరిగితే గేటు అంచుకు కొడుతుంది. ఎల్‌ఈడీ పట్టీ ఒకటి అదనంగా చేసి పెట్టుకోవాలి.

రేంజి రోజు

నీడలో 35 డిగ్రీలు. తూటాలు కారు డిక్కీలో కాక ఐస్ లేని థర్మోకోల్ డబ్బాలో, లోపల థర్మామీటరుతో. ప్రమాణ పరీక్షలు 21 డిగ్రీల దగ్గర చేస్తారు. మందు వేడెక్కితే పీడనం, వేగం రెండూ పెరుగుతాయి కాబట్టి తూటా ఉష్ణోగ్రత రాయని రీడింగు సగం రీడింగే.

మొదటి తూటా గేట్ల గుండా కాదు, ఫ్రేమును 400 మి.మీ. పక్కకు జరిపి. గుండ్లు దాటకుండానే గేట్లు లేచాయి, 358 మీ/సె చూపించాయి. 35 డిగ్రీల దగ్గర ధ్వని వేగం 352, మూతి దెబ్బ దగ్గర్లో ధ్వని కంటే కొంచెం వేగంగానే పోతుంది. అంటే పరికరం కొలిచింది చప్పుడును. వేర్వేరు తూటాలకు ఈ చుట్టుపక్కల అంకే మళ్లీ మళ్లీ వస్తే అనుమానం ఇక్కడే పెట్టుకోవాలి. ఎల్‌ఈడీ పట్టీ కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు వేసి, పలక వెనక ఫోమ్ అంటించి మళ్లీ పక్కనుంచి కొడితే గేట్లు లేవలేదు. రెండు తూటాలు ఇలా పోవడం దండగ కాదు, మిగతా వాటి అంకెలు నమ్మడానికి కట్టిన ధర అది.

తర్వాత గేట్ల గుండా, 24 గ్రాములవి, ఒకే లాటు, 10: 391, 396, 388, 402, 394, 385, 398, 392, 357, 389.

357ను తీసేశాం. ఇష్టం లేక కాదు. ఆ షాట్‌కు ముందే పలక స్టాండు జరిగి ఫ్రేముకు ఆనుకుని ఉంది. కారణం దొరకని రీడింగును తీయకూడదు. మిగిలిన 9 సగటు 392.8, ప్రామాణిక విచలనం 5.3, పెద్దదానికీ చిన్నదానికీ 17 ఎడం. సగటు మీద అనిశ్చితి 1.8. ఇంకో రకం తూటాలు 9 కొట్టి సగటు 396 వస్తే అవి వేగమైనవని చెప్పడానికి లేదు, 5 మీ/సె కంటే తక్కువ తేడాకు ఈ సంఖ్యలో తూటాలు చాలవు. మూడు షాట్లు కొట్టి రెండు కంపెనీలను పోల్చేవారికి ఓ దండం.

డబ్బా మీద 400 ఉంది, మనకు 2.5 మీటర్ల దగ్గర 393. డబ్బా అంకె మూతికి దగ్గర్లోదైతే రెండూ సరిపోతాయి, 2.5 దగ్గరిదైతే ఈ లాటు కొద్దిగా తక్కువ. 35 డిగ్రీల వేడి కూడా మన అంకెను పైకే నెట్టి ఉండాలి. తుపాకి గొట్టం పొడవు, చోక్ పరీక్ష గొట్టంతో ఒకటి కావు, అదీ కలుస్తుంది.

తిరిగొచ్చాక గేట్ల ఎడం మళ్లీ కొలిస్తే 599.5. రెండో గేటు స్క్రూ ఒకటి వదులైంది, 0.3 మీ/సె తేడా. స్ప్రింగ్ వాషర్లు వేశాం.

అదే లాటులో 15 తూటాలు లైసెన్సుదారు పెట్టెలో లాటు నంబరు రాసి పక్కన ఉన్నాయి. నవంబరు వానల్లో 24 డిగ్రీలకు దిగినప్పుడు వాటి వంతు. ఈలోపు రెండో గేటుకు కొత్త పాల అక్రిలిక్ కోయాలి, ఏడో షాట్ వాడ్ దాని మూల పగలగొట్టింది.